నొప్పి లేనప్పుడే వెళ్లండి

సంక్రాంతి వెళ్లిన మూడో రోజు. డబ్బాలో మిగిలిన చెక్కలు ఒకటొకటిగా తింటూ పేపరు చదువుకుంటున్నాను. కుడివైపు కింది దవడలో టక్కుమంది. చెక్కలో రాయి పడిందేమో అనుకుని అరచేతిలోకి ఉమ్మాను. రాయి కాదు, బియ్యపు గింజంత పన్ను ముక్క. నాలికతో తడిమితే గరుకైన గుంట తగిలింది. అద్దంలో చూసుకుంటే గుంట లోపల గోధుమరంగు. నొప్పి మాత్రం లేదు. నొప్పి లేదు కదా అని ఆ సంగతి అక్కడితో వదిలేశాను.

అలా వదిలేసి పద్నాలుగు నెలలు గడిపాను. ఈలోగా నాకు తెలియకుండానే కుడివైపు నమలడం మానేశాను. ఫ్రిజ్ నీళ్లు ఎడమ బుగ్గలోకి పోసుకుని తాగడం అలవాటైంది. భోజనమయ్యాక ఆ గుంటలో ఇరుక్కున్న మెతుకును నాలికతో లాగడం నిత్యకృత్యమైంది. వెళ్లాలి వెళ్లాలి అనుకుంటూనే ఉన్నాను. ఆఫీసు ఆడిట్ అయ్యాక, పిల్లల పరీక్షలయ్యాక, పెళ్లిళ్ల సీజన్ అయ్యాక. వాయిదా వేసిన ప్రతిసారీ ఏదో ఒక కారణం దొరికింది. అన్నీ నిజమైన కారణాలే.

మరుసటి ఏడు ఉగాది ముందురోజు రాత్రి పడుకోగానే పోటు మొదలైంది. లేచి కూర్చుంటే కాస్త తగ్గేది. తల దిండుకు ఆనిస్తే చెవి దాకా, కణత దాకా లాగేది. లవంగం నొక్కిపెట్టాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను, మాత్ర వేసుకున్నాను. తెల్లవారేదాకా హాల్లో పచార్లు చేశాను. పొద్దున్నే మా అమ్మ తెచ్చిచ్చిన ఉగాది పచ్చడి నోట పెట్టలేకపోయాను. పండగపూట ఏ క్లినిక్కూ తీసి లేదు. మర్నాడు పది గంటలకు కుర్చీలో కూర్చున్నాను.

డాక్టరమ్మ నోట్లోకి అద్దం పెట్టి చూసి, పక్కనున్న అమ్మాయితో “ఫోర్ సిక్స్” అంది. ఎక్స్‌రే తీయించి, తెర మీద ఒక నల్లటి మచ్చ చూపించింది. “ముక్క విరిగిన వారంలో వచ్చుంటే అరగంట పనండీ. ఫిల్లింగ్ చేసి పంపేదాన్ని. ఇప్పుడు నరం దాకా పోయింది. మూడుసార్లు రావాలి, రూట్ కెనాల్ చేసి క్యాప్ వెయ్యాలి” అంది. ఆమె గొంతులో కోపం లేదు, మందలింపూ లేదు. రోజుకు పదిమందికి చెప్పే మాటే నాకూ చెప్పింది.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఏమిటో ఆ రోజు నాకు తెలిసివచ్చింది. వ్యక్తిత్వం గురించిన పుస్తకంలో పళ్ల గురించి ఒక అధ్యాయం ఎందుకని మీకు అనిపించవచ్చు. మనిషి తనను తాను ఎలా చూసుకుంటాడో చెప్పడానికి ఇంతకంటే చిన్న కొలబద్ద, ఇంతకంటే కచ్చితమైన కొలబద్ద నాకు దొరకలేదు. ఎవరూ చూడని చోట, రాత్రి నిద్రకు ముందు, రెండు నిమిషాలు మన కోసం మనం కేటాయించుకుంటామా లేదా? ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

పన్ను ఎందుకు ఆలస్యంగా చెబుతుంది?

పంటి పైపొర ఎనామిల్. బడి పుస్తకాల్లో దీన్నే పింగాణి పొర అని చదువుకున్నాం. మనిషి ఒంట్లో దీనికంటే గట్టి పదార్థం లేదు. ఎముక కూడా దీని తర్వాతే. బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. అయితే అందులో ప్రాణమున్న కణాలు లేవు, నరం లేదు. అందుకే అది పుచ్చుతున్నా మనకు తెలియదు, పోయాక తిరిగి పెరగదు. దాని కింద డెంటిన్ అనే పొర. పుచ్చు అక్కడికి చేరితే చల్లదనం, తీపి జివ్వుమంటాయి. అన్నిటికంటే లోపల నరాలు, రక్తనాళాలు ఉన్న మెత్తటి గుజ్జు. పుచ్చు అక్కడికి చేరినప్పుడు వచ్చేదే రాత్రి నిద్రపోనివ్వని పోటు.

అంటే మొదటి గది దాటేదాకా పన్ను మౌనంగానే ఉంటుంది. రెండో గదిలో గుసగుసగా చెబుతుంది. మూడో గదికి చేరాకే అరుస్తుంది. మనం అరుపు వినబడితేనే వెళ్తున్నాం. నొప్పి వచ్చాక వెళ్లేవారికీ, రాకముందు వెళ్లేవారికీ జరిగే వైద్యం ఒకటి కాదు. మొదటి దశలో తెల్లటి మచ్చగా ఉన్నప్పుడే చూస్తే అసలు మరతో పని లేకుండా, ఫ్లోరైడ్ పూతతో, అలవాట్ల మార్పుతో దాన్ని వెనక్కి తిప్పవచ్చు. రెండో దశలో ఫిల్లింగ్. మూడో దశలో రూట్ కెనాల్. అదీ దాటితే పన్ను పీకించుకోవడం, ఆ ఖాళీలో కొత్త పన్ను కట్టించుకోవడం. ఒక్కో మెట్టు దిగినకొద్దీ వందల్లో పోయే ఖర్చు వేలల్లోకి వెళ్తుంది. అరగంట పని నెలకు సాగుతుంది.

రెండు గుర్తులు మనసులో పెట్టుకోండి. చల్లటి నీళ్లు తాగినప్పుడు జివ్వుమని వెంటనే పోతే పన్ను ఇంకా కోలుకునే స్థితిలో ఉండవచ్చు. నీళ్లు మింగేశాక కూడా అర నిమిషానికి మించి సలుపుతూ ఉంటే, పడుకుంటే ఎక్కువవుతూ ఉంటే, లోపలి నరం దెబ్బతిన్నట్టు అనుమానించాలి. మొదటి గుర్తు కనిపించగానే వెళ్లినవాళ్లకు రెండోది చూసే అవసరం రాకపోవచ్చు.

పాచి అంటే ఏమిటి?

పొద్దున లేవగానే పళ్లు తోముకోని నోటిని మనం పాచి నోరంటాం. పాచి మొహంతో కాఫీ తాగొద్దని ఇంట్లో పెద్దవాళ్లు కేకలేస్తారు. ఆ పాచి కేవలం రాత్రి వాసన కాదు, అది ఒక పొర. గోటితో పంటి మొదట్లో చిన్నగా గీరి చూడండి. తెల్లగా, జిగటగా గోటికి అంటుకుంటుంది. 1683లో లీవెన్‌హుక్ అనే డచ్చి వ్యాపారి తన పంటి మీది ఇదే తెల్లటి పదార్థాన్ని తాను తయారు చేసుకున్న సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. అందులో కదులుతున్న జీవులను చూసి ఆశ్చర్యపోయి, లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. నోటిలోని బాక్టీరియా గురించి మనిషికి తెలిసిన తొలి వార్తల్లో అదొకటి.

పంటికి చెడు చేసేది చక్కెర ఒక్కటే అనుకుంటాం. చక్కెరను ఆ బాక్టీరియా తిని ఆమ్లాన్ని వదులుతుంది. పంటిని కరిగించేది ఆ ఆమ్లమే. నోటిలో ఆమ్లత్వాన్ని పీహెచ్‌తో కొలుస్తారు. అది 5.5 కంటే కిందికి దిగిందంటే ఎనామిల్ నుంచి ఖనిజం కరగడం మొదలవుతుంది. తర్వాత లాలాజలం వచ్చి ఆమ్లాన్ని విరిచి, కరిగిన ఖనిజాన్ని కొంత తిరిగి చేరుస్తుంది. దానికి సుమారు అరగంట పడుతుంది. రోజంతా మన నోట్లో ఈ కరగడం, పూడడం నడుస్తూనే ఉంటుంది. కరిగే వేళలు ఎక్కువైతే పుచ్చు, పూడే వేళలు ఎక్కువైతే ఆరోగ్యం.

అందుకే ఎంత తీపి తిన్నాం అనే దానికంటే ఎన్నిసార్లు తిన్నాం అనేది ముఖ్యం. భోజనంలో నేతితో రెండు బొబ్బట్లు తినే మనిషి పంటికి ఒక్కసారే దాడి. అదే మనిషి ఆఫీసులో పదింటికి చక్కెర టీ, పదకొండున్నరకు రెండు బిస్కట్లు, మధ్యాహ్నం మూడింటికి మళ్లీ టీ, నాలుగింటికి పక్క సీటాయన ఇచ్చిన చాక్లెట్, అయిదింటికి కూల్‌డ్రింక్ సీసా ముందు పెట్టుకుని గంటసేపు గుటకలు వేస్తే లాలాజలానికి ఊపిరి పీల్చుకునే వ్యవధే ఉండదు. తీపి తినాలనిపిస్తే భోజనంతో తినండి. మధ్యలో ఆకలేస్తే వేయించిన వేరుశనగలు, మజ్జిగ, జామకాయ తీసుకోండి. టీ మానలేకపోతే చక్కెర తగ్గించండి, తాగినన్నిసార్లూ మంచినీళ్లతో నోరు పుక్కిలించండి. భోజనమయ్యాక నోరు పుక్కిలించే మన పాత అలవాటు చాలా మంచిది. హోటల్లో చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించకుండా వచ్చేయడం నాగరికత అనుకోవద్దు.

రాత్రి రెండు నిమిషాలు

మన ఇళ్లలో పొద్దున బ్రష్ చేయనివాళ్లు ఉండరు. రాత్రి చేసేవాళ్లు తక్కువ. ఒక్కసారే తోముకోవడానికి ఓపిక ఉందనుకుంటే, నా సలహా రాత్రి తోముకోమనే. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. రాత్రి భోజనం తాలూకు పిండి, తీపి పళ్ల మధ్య ఉండిపోతే ఏడెనిమిది గంటలు ఆ బాక్టీరియాకు అడ్డుచెప్పేవాడు ఉండడు. అయితే ఒకటి మానేసి ఒకటి అనకండి. పొద్దునా, రాత్రీ రెండూ కావాలి.

మెత్తటి కుచ్చున్న బ్రష్ కొనండి. గట్టిగా ఉంటేనే శుభ్రమవుతుందనే నమ్మకంతో గట్టి బ్రష్‌తో అడ్డంగా, బూటు పాలిష్ చేసినట్టు రుద్దేవాళ్లకు పంటి మొదళ్లు అరిగి గాడులు పడతాయి, చిగుళ్లు కిందికి జారతాయి. కుచ్చును ఏటవాలుగా, సగం పంటి మీద, సగం చిగురు అంచు మీద పడేలా ఆనించండి. రెండేసి పళ్లను తీసుకుని చిన్న చిన్న వలయాలుగా కదిలించి, చిగురు నుంచి పంటి కొసవైపు తుడిచినట్టు లాగండి. బయటివైపు, లోపలివైపు, నమిలే వైపు, ఈ మూడూ ఒక వరసలో పూర్తి చేయండి. ఎక్కడ మొదలుపెట్టారో అక్కడికి తిరిగి రావడానికి రెండు నిమిషాలు పట్టాలి. గడియారం చూసి ఒకసారి చేయండి. ఇన్నాళ్లూ మనం ముప్పై సెకన్లతోనే సరిపెట్టుకుంటున్నామని తెలుస్తుంది.

తర్వాత నురగ ఉమ్మేయండి. నోటినిండా నీళ్లు పోసుకుని పదేపదే పుక్కిలించకండి. పేస్టులో ఉన్న ఫ్లోరైడ్ పంటి మీద కాసేపు నిలిస్తేనే దాని పని అది చేస్తుంది. భోజనం తర్వాత బాగా పుక్కిలించాలి, పేస్టు తర్వాత ఉమ్మితే చాలు. ఈ తేడా గుర్తుంచుకోండి. నిమ్మరసమో, కూల్‌డ్రింకో తాగిన వెంటనే బ్రష్ చేయకండి. ఆమ్లంతో మెత్తబడ్డ పైపొర బ్రష్‌తో అరుగుతుంది. అరగంట ఆగండి. బ్రష్‌ను మూడు నెలలకొకసారి మార్చండి. కుచ్చు విచ్చుకుపోతే ఇంకా ముందే మార్చండి.

బ్రష్ ఎంత బాగా తోమినా రెండు పళ్ల మధ్య ఇరుకులోకి పోదు. అక్కడికి ఫ్లాస్ అనే సన్నటి దారం కావాలి, లేదా పళ్ల మధ్య దూరే చిన్న బ్రష్. రోజుకొకసారి, రాత్రి వాడితే చాలు. పిన్నీసు, అగ్గిపుల్ల, తాళంచెవి కొస ఇవేవీ నోట్లోకి వెళ్లకూడదు.

వేపపుల్ల మాటేమిటని ఊళ్లో ఎవరైనా అడుగుతారు. వేపపుల్లను, కానుగపుల్లను నేను తీసిపారేయను. కొస నమిలి కుంచెగా చేసుకుని నిదానంగా తోముకునే వాళ్లు పావుగంట పంటి మీదే మనసు పెట్టేవాళ్లు. ఆ నిదానం మనం పోగొట్టుకున్నాం. కానీ పుల్ల లోపలివైపు, వెనక దవడ పళ్ల వైపు సరిగా అందదు, అందులో ఫ్లోరైడ్ ఉండదు. ఆనాటి పళ్లకు పూటపూటా బిస్కట్లూ, కూల్‌డ్రింకులూ తగలలేదు. అలవాటున్నవాళ్లు పొద్దున పుల్లతో తోముకున్నా, రాత్రి మాత్రం బ్రష్, పేస్టు వాడండి. బొగ్గు, ఇటుకపొడి, ఇసుక, గరుకు ఉప్పు మాత్రం ఎప్పుడూ వద్దు. అవి పాచినే కాదు, పైపొరను కూడా గీకేస్తాయి. పోయిన పొర తిరిగి రాదు.

ఫ్లోరైడ్ అంటే భయపడేవారికి

తెలుగునాట ఫ్లోరైడ్ మాట వినగానే నల్లగొండ గుర్తుకు వస్తుంది. మర్రిగూడ ప్రాంతంలో వంగిపోయిన కాళ్లు, బిగుసుకుపోయిన నడుములు గుర్తుకొస్తాయి. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో దర్శి, కనిగిరి వైపు పసుపు, గోధుమ చారలతో ఉండే పళ్లు గుర్తుకొస్తాయి. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ జబ్బును వైద్య పరిశోధకులు 1937లోనే నమోదు చేశారు. నీటిలోంచి ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. ఆ పద్ధతికి ప్రపంచమంతటా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే నిలిచింది. ఇంత బాధ చూసినవాళ్లు పేస్టులో ఫ్లోరైడ్ ఉందంటే వెనకాడడం సహజమే.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. నల్లగొండలో జరిగినది ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీటిని ఏళ్ల తరబడి తాగడం, ఆ నీటితోనే వండుకోవడం. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతిస్తారు. పేస్టు మనం మింగేది కాదు. పంటి పైపొరకు తాకి, దాన్ని ఆమ్లాన్ని తట్టుకునేలా గట్టిపరిచి బయటికి వెళ్లిపోతుంది. కాబట్టి పెద్దలు ఫ్లోరైడ్ పేస్టును ధైర్యంగా వాడవచ్చు. పిల్లలు మింగేస్తారు గనుక పరిమాణం చూడాలి. మూడేళ్ల లోపు వారికి బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వారికి బఠాణీ గింజంత చాలు. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ పొడవునా పేస్టు పరచనక్కర్లేదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లలో ఉంటే ముందు శుద్ధి చేసిన నీరే తాగండి, వంటకూ అదే వాడండి. పిల్లల పేస్టు సంగతి డాక్టరును అడిగి నిర్ణయించుకోండి.

ఆరేళ్లకు వచ్చే పన్ను

డాక్టరమ్మ అన్న ‘ఫోర్ సిక్స్’ ఏమిటో తర్వాత అడిగి తెలుసుకున్నాను. నోటిని నాలుగు భాగాలు చేస్తారు. మనిషికి కుడివైపు పైన 1, ఎడమవైపు పైన 2, ఎడమవైపు కింద 3, కుడివైపు కింద 4. ఒక్కో భాగంలో ముందు పన్ను నుంచి వెనక్కి 1 నుంచి 8 వరకు లెక్క. నాలుగు ఆరు అంటే కుడివైపు కింది దవడలో ఆరో పన్ను. మీ చీటీ మీద ఇలాంటి అంకెలుంటే మీరే చదువుకోవచ్చు. ఏ పంటికి ఏం చేస్తున్నారో తెలిసిన మనిషి భయపడడు, మోసపోడు.

ఆ ఆరో పన్ను గురించి తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెప్పాలి. పిల్లలకు పాలపళ్లు 20. ఆరేళ్ల వయసులో ఏ పాలపన్నూ ఊడకుండానే, అన్నిటికంటే వెనక ఒక కొత్త దవడ పన్ను మొలుస్తుంది. ఊడి వచ్చింది కాదు గనుక అదీ పాలపన్నే అనుకుంటారు, ఊడిపోయేదే కదా అని పుచ్చినా వదిలేస్తారు. అది శాశ్వత దంతం. నోట్లోకి మొదట వచ్చే శాశ్వత దంతాల్లో అదొకటి. చివరిదాకా నమలాల్సింది దానితోనే. నేను చెక్క కొరుకుతూ పోగొట్టుకోబోయింది నా ఆరేళ్ల నాటి పన్ను. మీ పిల్లకు ఆరు నిండగానే ఆ పన్ను చూపించండి. గాడులు లోతుగా ఉంటే సీలెంట్ అనే పూతతో మూసేస్తారు. నొప్పి ఉండదు, మర ఉండదు.

పాలపళ్ల మీద చిన్నచూపు వద్దు. కింద వచ్చే పళ్లకు చోటు పట్టి ఉంచేవి అవే. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల పై ముందు పళ్లు వరసగా పుచ్చిపోవడం పిల్లల దంతవైద్యులు తరచూ చూసేదే. పడుకునే ముందు సీసా తీసేసి, తడిగుడ్డతో పళ్లు తుడవండి. ఇంకొక మాట. అల్లరి చేస్తే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఇంజెక్షన్ చేయిస్తానని ఎప్పుడూ బెదిరించకండి. ఆ ఒక్క మాట నలభై ఏళ్ల వయసులో కూడా మనిషిని క్లినిక్ మెట్లెక్కనివ్వదు.

ఆటలో పిల్లవాడి శాశ్వత పన్ను పూర్తిగా ఊడిపడితే కంగారుపడకండి. పన్నును వేరు పట్టుకోకుండా పైభాగం పట్టుకుని తీయండి. మట్టి అంటితే పాలతోనో, ఆ పిల్లవాడి ఉమ్మితోనో ఒకసారి కడిగి, రుద్దకుండా అదే గూట్లో పెట్టి గుడ్డ కొరికించండి. పెట్టలేకపోతే పాల గ్లాసులో వేసి అరగంటలో డాక్టరు దగ్గర ఉండండి. ఆ పన్ను తిరిగి నిలబడే అవకాశం ఉంది. పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టకూడదు.

చిగుళ్ల మాట

కింది ముందు పళ్ల వెనక వేలు పెట్టి తడమండి. గరుగ్గా, గట్టిగా తగిలితే అది గార. లాలాజల గ్రంథుల ద్వారాలు అక్కడే ఉండడంతో పాచి త్వరగా ఖనిజం పట్టి గట్టిపడుతుంది. ఇక ఏ బ్రష్‌కూ లొంగదు, స్కేలింగ్ చేయించాల్సిందే. స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయనీ, సందులు వస్తాయనీ చాలామంది నమ్ముతారు. నిజానికి గార చిగురును, ఎముకను తినేసి పన్నును ముందే వదులు చేసి ఉంటుంది. అడ్డంగా ఉన్న గార తీసేయగానే ఆ సందు మన కంటపడుతుంది. అంతే.

తోముకుంటే రక్తం వస్తోందని ఆ చోట తోమడం మానేయకండి. ఆ రక్తమే అక్కడ పాచి పేరుకుందని చెప్పే గుర్తు. ఈ దశలో శుభ్రం చేస్తే చిగురు పూర్తిగా కోలుకుంటుంది. దాటిపోయి ఎముక కరగడం మొదలైతే ఆపగలరు తప్ప, పోయినదంతా తిరిగి తేవడం కష్టం. షుగరు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్ల జబ్బు ఉంటే షుగరు అదుపులోకి రాదు. రెంటికీ కలిపి వైద్యం చేయించుకోవాలి.

పొగాకు గురించి నేను మెత్తగా చెప్పలేను. గుట్కా, ఖైనీ, సిగరెట్, చుట్ట ఏదైనా నోటిని తింటుంది. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు చుట్ట నిప్పు కొసను నోటి లోపల పెట్టుకుని కాల్చే అడ్డపొగ వల్ల అంగిలికే క్యాన్సర్ వస్తుందని వైద్యులు దశాబ్దాల కిందటే గుర్తించారు. నోట్లో పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ రెండు వారాలు దాటినా మానకపోతే, నోరు తెరుచుకోవడం తగ్గుతుంటే, నొప్పి లేకపోయినా వెంటనే చూపించండి. ఇక్కడ వాయిదా ప్రాణం మీదికి వస్తుంది.

కుర్చీలో కూర్చునే ముందు

డాక్టరు అడగకపోయినా మీరే చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. షుగరు, బీపీ, గుండె కవాటం ఆపరేషన్, రక్తం పలచబరిచే మాత్రలు, ఎముకల గుల్లదనానికి వాడే మందులు, పెన్సిలిన్ పడకపోవడం, గర్భం. వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. రక్తం పలచబరిచే మాత్రలను మీ అంతట మీరు మానేసి వెళ్లకండి. గర్భిణులు పళ్ల వైద్యం చేయించుకోకూడదన్నది అపోహ. అత్యవసరమైతే ఎప్పుడైనా చేయవచ్చు, మామూలు పనులకు నాలుగు నుంచి ఆరో నెల వరకు అనువైన కాలం.

భయంగా ఉంటే భయంగా ఉందని చెప్పండి. చెయ్యి ఎత్తితే ఆపాలని ముందే మాట్లాడుకోండి. నేను అలాగే చేశాను. ఇంజెక్షన్ ముందు చిగురుకు మొద్దుబారే జెల్లీ రాశారు. తర్వాత చీమ కుట్టినట్టు ఒక చురుకు, అయిదు నిమిషాల్లో కింది పెదవి దిమ్మెక్కినట్టయింది. రూట్ కెనాల్ అంతా నొప్పి లేకుండానే జరిగింది. పెదవికి స్పర్శ తిరిగి వచ్చేదాకా రెండు మూడు గంటలు ఏమీ నమలకండి, తెలియకుండా పెదవి కొరుక్కుంటారు.

మూడు ప్రశ్నలు అడగండి. ఈ పంటికి జబ్బేమిటి? ఇప్పుడు చేయించకపోతే ఏమవుతుంది? వేరే మార్గం ఏదైనా ఉందా, ఒక్కోదానికి ఖర్చెంత? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు విసుక్కోడు. డబ్బు ఇబ్బంది అయితే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. మీ దగ్గర్లోని ప్రైవేటు దంత కళాశాల ఆసుపత్రుల్లో కూడా బయటి క్లినిక్కుల కంటే ఖర్చు తక్కువే.

పన్ను తీయించుకుంటే దూదిని అరగంట కొరికిపట్టి ఉంచండి. ఆ రోజంతా ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రాతో తాగడం, పొగ తాగడం వద్దు. గూట్లో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే భరించలేని నొప్పి వస్తుంది. చల్లారిన పెరుగన్నం తినండి. మర్నాటి నుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్లు. పై పన్ను పీకిస్తే చూపు పోతుందనే మాటలో నిజం లేదు. చూపు నరానికీ, పంటి నరానికీ సంబంధం లేదు. పంటినొప్పికి మాత్రను చిగురు మీద నొక్కిపెట్టకండి, కాలుతుంది. దవడ వాచి జ్వరం వస్తే, మింగడం కష్టమైతే, నోరు తెరవలేకపోతే వేడికాపడం పెట్టుకుంటూ కూర్చోకండి. అది అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిన స్థితి.

ఈ వారంలో చేయవలసినవి

1. ఈ రాత్రి గడియారం చూసుకుని రెండు నిమిషాలు బ్రష్ చేయండి. ఇంట్లో అందరితో చేయించండి.
2. ఇంట్లోని బ్రష్‌లన్నీ బయటికి తీసి చూడండి. విచ్చుకుపోయినవి పారేసి మెత్తటివి కొనండి.
3. పగటి వెలుతురులో అద్దం ముందు నోరు తెరిచి చూసుకోండి. నల్లటి గుంటలు, తెల్లటి మచ్చలు, వాచిన చిగుళ్లు, మానని పుండ్లు ఉంటే రాసిపెట్టుకోండి.
4. భోజనాల మధ్య ఎన్నిసార్లు తీపి నోట్లో పడుతోందో మూడు రోజులు లెక్కపెట్టండి. ఆ లెక్కలో రెండు తగ్గించండి.
5. ఆరు నుంచి ఏడేళ్ల పిల్లలుంటే వెనక దవడ పన్ను చూడండి.
6. ఆరు నెలలకొకసారి, కనీసం ఏడాదికొకసారి పరీక్షకు ఒక తేదీ పెట్టుకోండి. మీ పుట్టినరోజు, పెళ్లిరోజు, ఏదైనా సరే, మరిచిపోని రోజు పక్కన పెట్టుకోండి.

మా అమ్మకు ఇప్పుడు పళ్ల సెట్టు. సంక్రాంతికి ఇంటిల్లిపాదికీ చెక్కలు చేసేది ఆవిడే. అందరం తిన్నాక తన వంతు రెండు చెక్కలు టీలో వేసి, అవి మెత్తబడేదాకా గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చుంటుంది. ఆవిడ కాలంలో ఆవిడకు ఈ సంగతులు చెప్పినవాళ్లు లేరు. మనకు చెప్పేవాళ్లున్నారు, చూసే డాక్టర్లున్నారు, రూపాయల్లో దొరికే బ్రష్ ఉంది. లేనిదల్లా రాత్రి ఆ రెండు నిమిషాలు, ఏడాదిలో ఒకటి రెండు పూటలు. అవి మన చేతిలోనివే.

మనిషికి పళ్లు రెండుసార్లు మొలుస్తాయి. మూడోసారి మొలవవు. నొప్పి లేని ఈ రోజే ఫోన్ చేసి డాక్టరు దగ్గర సమయం తీసుకోండి.